సిమెంటు సిపాయి

నేను ఒక సిమెంటు సిపాయిని. లోపల ఇనుప చువ్వలు, పైన సిమెంటు, దానిమీద ఆకుపచ్చ రంగు. గెడ్డవలస కూడలిలో చాలా ఏళ్ళు వీరుడిలా నిలబడ్డాను. నాకు దండలు వేశారు. నా కాళ్ళ దగ్గర కొబ్బరికాయలు కొట్టారు. నన్ను వేలితో చూపించి పిల్లలకు దేశభక్తి నేర్పారు. ఇన్ని మర్యాదలు అందుకున్నవాడికి కోపమెందుకని మీరు అడగవచ్చు. అందుకే ఇదంతా చెబుతున్నాను.

నా ఒళ్ళు సిపాయి కోసం చేసింది కాదు. విజయనగరం వెళ్ళే రోడ్డు పక్కన లింగాచారి అనే శిల్పికి రేకుల షెడ్డు ఒకటి ఉండేది. ఎవరో పోలీసు అధికారి విగ్రహం కావాలని అడ్వాన్సు ఇచ్చి మళ్ళీ ఆ ఛాయలకు రాలేదు. మెడ దాకా తయారైన ఆ ఒళ్ళు షెడ్డు వెనక వానకు తడుస్తూ పడి ఉంది. ఉత్తరాన మంచు కొండల్లో యుద్ధం జరిగిన ఏడాది గెడ్డవలస సర్పంచి రామ్మూర్తినాయుడు అక్కడికి వచ్చాడు. "మా ఊరి కుర్రోడు యుద్ధంలో పోయాడు ఆచారీ. మంత్రిగారొచ్చే లోపు విగ్రహం నిలబడిపోవాల" అన్నాడు. లింగాచారికి వెంటనే నేను గుర్తొచ్చాను. నా చేతిలోని లాఠీ తీసేసి తుపాకి పెట్టాడు. ఆయన అసలు తుపాకిని ఎప్పుడూ చూడలేదు. సినిమా పోస్టరులో హీరో చేతిలో ఉన్నదాన్ని చూసి చేశాడు.

తల ఒక్కటే కొత్తగా చేయాల్సి వచ్చింది. చనిపోయిన కుర్రాడి పేరు కూర్మారావు. దొరికిన ఫొటో తపాలా బిళ్ళంత ఉంది. అందులో తెలియని చోటల్లా లింగాచారి తనకు తోచింది చేర్చాడు. గుబురు మీసం అలాగే వచ్చింది.

రంగు వేయకముందు ఒకసారి చూసుకోమని కూర్మారావు తల్లి ఆదెమ్మను తీసుకొచ్చారు. ఎండకు నల్లబడిన సన్నటి మనిషి. జీడితోటలో కూలికి వెళుతూ కొడుకును ఒక్కతే పెంచింది. ఆమె నా చుట్టూ నెమ్మదిగా తిరిగింది. నా గడ్డం పట్టుకోవడానికి చెయ్యెత్తింది. అందలేదు.

"ఈడెవులు బావూ?" అంది.

"మీ అబ్బాయేనమ్మా" అన్నాడు లింగాచారి.

"మావోడికి మీసం నేదు."

"మీసం లేకపోతే మిలట్రీ మనిషిలా కనపడడమ్మా."

"ఆడికింకా రానేదు బావూ" అంది ఆదెమ్మ. "వచ్చినాక పెంచుతానన్నాడు."

లింగాచారి చేతిలోని తాపీ ఆగిపోయింది. సర్పంచి గొంతు సవరించుకుని, "ఉండనీ ఆచారీ, నిండుగా ఉంది" అన్నాడు. తల్లి మాటకు అంతే విలువ. మీసం కూడా రాని పిల్లవాణ్ణి చావుకు పంపామని ఒప్పుకోవడం కంటే వాడి మూతికి సిమెంటు మీసం అతికించడం మనుషులకు తేలికని నాకు ఆ రోజే తెలిసింది.

మంత్రిగారు వచ్చారు. ముసుగు తీశారు. చప్పట్లు కొట్టారు. నా కింద నల్లరాతి పలక మీద, కూర్మారావు శత్రువు తూటాకు ఎదురెళ్ళి, భారతమాతకు జై కొడుతూ క్షణంలో ఒరిగిపోయాడని చెక్కించారు. మంత్రిగారు ఆ పలకను మైకులో చదివారు. ఆదెమ్మ వేదిక మీద ప్లాస్టిక్ కుర్చీలో, భుజం మీద శాలువాతో కూర్చుంది. ఆమెకు పలక చదవడం రాదు. వినడం వచ్చు. 'క్షణంలో' అన్న మాట దగ్గర ఆమె కళ్ళు మూసుకుంది. కొడుకు బాధపడకుండా పోయాడన్న ఆ ఒక్క మాటనే ఆమె ఇంటికి తీసుకెళ్ళింది. శాలువా కుర్చీలోనే మరిచిపోయింది.

ఆ రోజు నా పక్కన యూనిఫాంలో ఇంకో కుర్రాడు నిలబడ్డాడు. అతనే తవిటినాయుడు. కూర్మారావూ అతనూ ఒకే వీధిలో పెరిగారు, ఒకే బడిలో తన్నులు తిన్నారు, తెల్లారగట్ట సముద్రపు ఒడ్డున కలిసి పరుగెత్తి ఒకే రోజు సైన్యంలో చేరారు. ఒకే కొండ ఎక్కారు. ఒక్కడే దిగాడు. ఆ ఒక్కణ్ణి సెలవు మీద ఇంటికి రప్పించి, నాకు సెల్యూట్ చేయమన్నారు. అతని చెయ్యి కణత దగ్గర వణుకుతూ ఉంది. ఫొటో మసకగా వస్తోందని ఫొటోగ్రాఫరు మళ్ళీ మళ్ళీ చేయించాడు. మసక ఎందుకొస్తోందో ఎవరూ అడగలేదు.

మరుసటి ఏడు తవిటినాయుడికి దమయంతి అనే అమ్మాయితో పెళ్ళయింది. మిలట్రీ మొగుడు దొరికాడని చుట్టాలంతా ఆమె అదృష్టాన్ని పొగిడారు. ఇంకొన్నాళ్ళకు సైన్యం అతన్ని ఇక పనికిరావని ఇంటికి పంపేసింది. కాళ్ళూ చేతులూ కళ్ళూ అన్నీ ఉన్నాయి. "దేముడు సల్లగా సూసినాడురా, నిండుగా తిరిగొచ్చినావు" అని ఊరంతా అంది. ఇంత అబద్ధాన్ని ఇంత ప్రేమగా చెప్పగలిగేది మనుషులే.

అప్పటినుంచి ఎండ మండే మధ్యాహ్నాల్లో, కూడలిలో పురుగు కూడా తిరగని వేళ, అతను వచ్చి నా దిమ్మె నీడలో కూర్చునేవాడు. బీడీ వెలిగించి నాతో మాట్లాడేవాడు. విగ్రహంతో కాదు, కూర్మారావుతో. పలక మీద లేనిదంతా నాకు అలా తెలిసింది.

కొండ మీద కూర్మారావు క్షణంలో పోలేదు. పొట్టలో తూటా తగిలి, దాక్కోవడానికి ఏమీ లేని బండ మీద పడిపోయాడు. తవిటినాయుడు పిలిస్తే పలికే దూరంలో రాయి వెనక ఉన్నాడు. పైనుంచి తూటాలు వానలా పడుతున్నాయి. ఎవరూ కదలొద్దని ఆర్డరు. కదిలిన ఇద్దరు అప్పటికే పోయారు. పొద్దెక్కినప్పటినుంచి వాలేదాకా కూర్మారావు పిలుస్తూనే ఉన్నాడు. జై కొట్టలేదు. "తవిటీ" అని పిలిచాడు. "తవిటీ, లాగరా. కిందకి లాగరా" అని పిలిచాడు. గొంతు ఎండిపోయాక "అమ్మా" అన్నాడు. తరవాత అదీ లేదు.

"ఎల్లుంటే నానూ పోదును" అనేవాడు తవిటినాయుడు నాతో. "పోతే బాగున్ను కదరా? నువ్వే సెప్పు."

నాకు జవాబు ఉంది. నోరు లేదు.

ఆ తరవాత తన పేరు వినడం అతనివల్ల కాలేదు. ఎవరైనా వెనకనుంచి "తవిటీ" అంటే చాలు, రోడ్డు మీదైనా పేడలోనైనా బోర్లా పడిపోయేవాడు. ఒళ్ళంతా చెమటపట్టి, గోళ్ళతో నేల గీకేవాడు. లేచాక సిగ్గుతో అందరికీ దండం పెట్టేవాడు. "నన్ను పేరెట్టి పిలవకండి బావూ. ఏటైనా అనండి. పేరొద్దు" అని ఇంటింటికీ వెళ్ళి చెప్పుకున్నాడు. అదీ అతను చేసిన పొరపాటు. మనిషి తన గాయం ఎక్కడుందో ఊరికి చెప్పకూడదు. నా దిమ్మె మీద కూర్చుని పేకాడే కుర్రాళ్ళకు అదొక ఆటయింది. అతను కనపడితే చాటునుంచి "తవిటీ!" అని కేక వేసి, అతను పడితే కడుపు పట్టుకుని నవ్వేవారు. అదే కుర్రాళ్ళు ఆగస్టు పదిహేనున పొద్దున్నే స్నానం చేసి, బొట్టు పెట్టుకుని నాకు దండ వేసేవారు. ఆ దండల బరువుకు నా మెడ విరిగిపోతే బాగుండునని నేను ఎన్నిసార్లు అనుకున్నానో.

దమయంతికి మొదట ఏమీ అర్థం కాలేదు. నిద్రలో అతను ఆమె మెడ నొక్కినప్పుడు తన వైపే ఏదో తప్పు ఉందనుకుంది. మెడ మీది కమిలిన మచ్చలకు పసుపు రాసుకుని, కొంగు నిండుగా కప్పుకుని బస్సుకోసం కూడలికి వచ్చేది. పుట్టింటివాళ్ళు అతన్ని భూతవైద్యుడి దగ్గరకు తీసుకెళ్ళారు. అత్తింటివాళ్ళు ఆమె జాతకం చూపించారు. ఆ దంపతులకు హైమ అనే కూతురు పుట్టింది. ఆ పిల్ల నడిస్తే అడుగుల చప్పుడు వినపడేది కాదు. తండ్రితో ఏదైనా చెప్పాలంటే చుట్టూ తిరిగి ఎదురుగా వచ్చి, అతను తనను చూసేదాకా నిలబడి, అప్పుడు నోరు తెరిచేది. వెనకనుంచి నాన్నా అని పిలవకూడదని ఆ పిల్లకు మాటలు రాకముందే తెలిసిపోయినట్టుంది.

ఇక నేను పడిపోయిన రోజు సంగతి చెబుతాను.

ఆ ఏడు ఆగస్టు పదిహేను పండగ ఘనంగా చేయాలని రామ్మూర్తినాయుడు నిశ్చయించాడు. ఎన్నికలు దగ్గరపడ్డాయి. కూడలి నాలుగు పక్కలా స్తంభాలకు లౌడు స్పీకర్లు కట్టించాడు. వీరుడి మిత్రుడికి సన్మానం చేస్తే బాగుంటుందని ఎవరో సలహా ఇచ్చారు. దమయంతి ముందురోజు సర్పంచి ఇంటికి వెళ్ళి కాళ్ళమీద పడినంత పని చేసిందట. "ఆయన్ని రమ్మనకండి బావూ. రప్పించినా మైకులో పేరు పిలవకండి" అందట. "సర్లేమ్మా, మాకు తెల్దేటి" అన్నాడట ఆయన.

ఆదెమ్మను ఎప్పటిలాగే కుర్చీలో కూర్చోబెట్టారు. బడిపిల్లలు వరసలో నిలబడ్డారు. వాళ్ళలో చిన్న జెండా పట్టుకుని హైమ ఉంది. తవిటినాయుడు జనం చివర, తప్పుకోవడానికి వీలుగా గోడ పక్కన నిలబడ్డాడు. దమయంతి అతని చెయ్యి పట్టుకుని ఉంది. జెండా ఎగరేశారు. పాట పాడారు. అప్పుడు రామ్మూర్తినాయుడు మైకు అందుకుని ముందు తనను తాను పొగుడుకున్నాడు, తరవాత దేశాన్ని పొగిడాడు. తరవాత ఆ ఊపులో, "ఎక్కడున్నాడు మన తవిటినాయుడు? తవిటీ! రావాల, స్టేజీ మీదికి రావాల! తవిటీ!" అన్నాడు.

నాలుగు పక్కలనుంచీ ఆ పేరు వచ్చింది. కొండల్లోలాగే ప్రతిధ్వనించింది. 

తవిటినాయుడు పడిపోలేదు. ఈసారి కదిలాడు. దమయంతి చేతిని విదిలించుకుని, వంగి, నేలకు దగ్గరగా, జనాన్ని తోసుకుంటూ నా వైపు పరుగెత్తాడు. "వస్తన్నానురా, వస్తన్నాను! కదలకు!" అని అరుస్తున్నాడు. దిమ్మె ఎక్కాడు. నా నడుం చుట్టూ రెండు చేతులూ వేశాడు. అతని గుండె నా సిమెంటు ఛాతీకి కొట్టుకుంటుంటే ఇనుప చువ్వల దాకా ఆ దడ వినపడింది. అన్నేళ్ళలో నన్ను ఎందరో ముట్టుకున్నారు. దండ వేయడానికి, రంగు వేయడానికి, పోస్టరు అంటించడానికి. నన్ను మనిషిగా పట్టుకున్నది అతనొక్కడే. 

అతను నన్ను కిందకి లాగాడు. నా కాళ్ళ దగ్గరి చువ్వలు ఎప్పుడో తుప్పుపట్టి ఉన్నాయి. ఇద్దరం కలిసి దిమ్మె వెనక్కి పడ్డాం. నా కుడిచెయ్యి తుపాకితో సహా ఊడిపోయింది. అతను నామీద బోర్లా పడుకుని, నా తలను తన రెండు అరచేతులతో కప్పాడు.

"బొమ్మని ఇరగ్గొట్టేసినాడురా!" అని ఎవరో కేకేశారు.

ఇక కొట్టారు. నా దిమ్మె మీద పేకాడేవాళ్ళు ముందు కొట్టారు. జెండా కర్రలతో కొట్టారు. వీరుణ్ణి అవమానించాడని కొట్టారు. అతను ఒక్క దెబ్బ కూడా కాచుకోలేదు. చేతులు నా తల మీదనుంచి తీయలేదు. బడిపిల్లలు నోళ్ళు తెరుచుకుని నిలబడిపోయారు. హైమ ఒక్కతే మట్టిలో బోర్లా పడుకుని, ముఖం నేలకు ఆనించి, తల మీద చేతులు పెట్టుకుంది. ఏ యుద్ధానికీ వెళ్ళని ఆ ఏడేళ్ళ పిల్లకు అలా పడుకోవాలని ఎవరు నేర్పారు?

దమయంతి జనాన్ని చీల్చుకుని వచ్చేలోపే ఆదెమ్మ వచ్చింది. ఆ సన్నటి మనిషి ఎలా తోసుకొచ్చిందో తెలియదు. అతని వీపు మీద అడ్డంగా పడింది. ఒక కర్ర ఆమె భుజానికి తగిలాక గానీ కొట్టేవాళ్ళు ఆగలేదు.

"కొట్టండి! నన్ను కొట్టండి ముందు!" అని అరిచింది. "నా కొడుకు బతికొచ్చుంటే ఇలగే వచ్చీవోడు. అప్పుడు ఆడ్నీ ఇలగే కొడుదురు. కాదేటి? సెప్పండి, కొట్టీవోళ్ళు కాదేటి?"

కర్రలు కిందకి దిగాయి. మైకు మాత్రం కీచుమంటూనే ఉంది.

తవిటినాయుడు మెల్లగా తల తిప్పాడు. నుదుటినుంచి రక్తం కారుతోంది. కళ్ళు ఇంకా ఇక్కడికి రాలేదు. "పిన్నీ" అన్నాడు. "కిందకి లాగేసినాను. ఇంక తగల్దు."

ఆదెమ్మ అతన్ని చూసింది. నన్ను చూసింది. నా తల కింద చెదిరిన సిమెంటు ముక్కల్ని చూసింది. ఆమెకు అర్థమైంది. చదువుకున్నవాళ్ళెవరూ ఆమెకు విడమరిచి చెప్పలేదు.

"ఆడు పిలిసినాడా నాయినా?" అంది నెమ్మదిగా.

"పిలిసినాడు."

"సేనాసేపా?"

అతను తల ఊపాడు.

"మరి ఇన్నాళ్ళూ నాకు సెప్పనేదేటి?"

తవిటినాయుడు వేలితో నల్లరాతి పలకను చూపించాడు. "ఇక్కడ వేరేలాగ రాసేసినారు కదా పిన్నీ" అన్నాడు.

ఆదెమ్మ ఏడవలేదు. ఆ మట్టిలోనే కూర్చుని, అతని తల తన ఒళ్ళో పెట్టుకుని, కొంగుతో రక్తం తుడిచింది. తన కొడుకుకు చేయలేనిది చేస్తున్నట్టు కాదు. ముందున్న పిల్లవాడికి చేయాల్సింది చేస్తున్నట్టు తుడిచింది.

రామ్మూర్తినాయుడికి ఎన్నికలు గుర్తొచ్చాయి. పోలీసులను పిలవాలన్నాడు. విగ్రహం పగలగొట్టడం నేరమన్నాడు. "బొమ్మ నా కొడుకుది" అంది ఆదెమ్మ. "కేసెట్టాలంటే నామీద ఎట్టండి. అది నా కొడుకు పోలిక కాదని మొదటిరోజే సెప్పినాను. నా మాటెవులు విన్నారు?" ఆ మాటతో కేసు ఆగింది.

మర్నాడు ఆ ఇద్దరు ఆడవాళ్ళూ అతన్ని విశాఖపట్నం ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఊరు దాన్ని పిచ్చాసుపత్రి అంది. నన్ను మాత్రం చేతిబండిలో వేసి పంచాయతీ ఆఫీసు పెరట్లో పారేశారు. అక్కడ కుళాయి ఉంది. నీళ్ళకొచ్చే ఆడవాళ్ళ మాటల్లో మిగతా కథ విన్నాను. అక్కడి డాక్టరమ్మ ఇది పిచ్చి కాదని, లోపల తగిలిన దెబ్బని చెప్పిందట. మందులిచ్చిందట. వారం వారం రమ్మని, మాట్లాడించిందట. మొదటి ఏడాదే తీసుకొచ్చి ఉంటే ఇంత ముదిరేది కాదందట. మొదటి ఏడాది అతనితో సెల్యూట్ చేయించి ఫొటోలు తీసుకుంటున్నారు కదా.

తవిటినాయుడు బాగుపడ్డాడని చెప్పాలని మీకు ఉంటుంది. నాకూ ఉంది. కొన్ని రోజులు బాగుంటాడు. ఆదెమ్మతో కలిసి జీడితోటలో పిక్కలు ఏరతాడు. ఆమె అడిగితే కొడుకు కబుర్లు చెబుతాడు. కొండ మీదివి కాదు, కొండకు ముందువి. ఎక్కడ ఏ మామిడికాయలు దొంగిలించారో, ట్రైనింగులో ఎవరు చపాతీ గుండ్రంగా చేయలేక తిట్లు తిన్నారో. ఆమె నవ్వుతుందట. కొన్ని రోజులు అతను మంచం కింద దూరి బయటకు రాడు. దమయంతి ఇప్పటికీ నిద్రపోయే మొగుణ్ణి దూరంనుంచి పొడుగాటి కర్రతో కాలిమీద తట్టి లేపుతుంది. హైమకు బడిలో మార్కులు బాగానే వస్తాయి. గట్టిగా చదవమంటే మాత్రం గొంతు పెగలదని మాస్టారు అంటాడట.

నా దిమ్మె ఎన్నాళ్ళో ఖాళీగా ఉండలేదు. చందాలు పోగుచేసి నాకంటే ఎత్తైన విగ్రహం తెచ్చారు, కంచు రంగుది. ప్రారంభానికి ఆదెమ్మ వెళ్ళలేదు. ఆమె కుర్చీలో ఎవరినో కూర్చోబెట్టారు. కింద అదే పలక ఉంచేశారు. అందులో ఉన్నది నిజం కాదని ఊరంతటికీ తెలుసు. అయినా ఉంచేశారు.

మొన్న మధ్యాహ్నం దమయంతి పెరట్లోకి వచ్చింది. ఏదో సర్టిఫికెట్టు కోసం లోపల క్లర్కుతో మాట్లాడి వచ్చినట్టుంది. "మీ ఆయనకు కాలూ చెయ్యీ బాగానే ఉన్నాయి కదమ్మా, మరింకేటి కష్టం?" అని అతను అడగడం కిటికీలోంచి నేనూ విన్నాను. పెరట్లో ఎవరూ లేరు. పాత బల్లలు, దోమల మందు కొట్టే తుప్పుపట్టిన మిషను, నేను. ఆమె నా పక్కన గోడకు ఆనుకుని కూర్చుంది. కొంగు నోట్లో కుక్కుకుంది. కాసేపటికి తీసేసింది. 

తరవాత అరిచింది. పశువును కోస్తే వచ్చే అరుపులాంటిది. ఇంట్లో గిన్నె కూడా గట్టిగా పెట్టకుండా ఇన్నేళ్ళు బతికిన మనిషి గొంతులోంచి అంత శబ్దం వస్తుందని నేను అనుకోలేదు. 

"సచ్చినోడికి దండేసినారు! బతికినోడ్ని నాకొగ్గేసినారు!" అని నా ముఖం మీద అరిచింది. "అందరూ కలిసి పంపినారు కదా? పంపినప్పుడు డప్పులు కొట్టినారు కదా? ఇప్పుడు నానొక్కర్తినే మొయ్యాలా? నా గుంట, ఆ పసిదేటి సేసింది?"

గుప్పిళ్ళతో నా ఛాతీ మీద కొట్టింది. కొట్టమ్మా అనుకున్నాను. కొట్టడానికైనా నేను పనికొస్తే చాలు.

అలసిపోయి ఆగింది. కుళాయి తిప్పి ముఖం కడుక్కుంటూ ఉండగా కూడలివైపునుంచి "హలో, మైక్ టెస్టింగ్, హలో" అని వినపడింది. మర్నాడు ఆగస్టు పదిహేను. స్తంభాలకు మళ్ళీ స్పీకర్లు కడుతున్నారు.

ఆమె కుళాయి కూడా కట్టేయలేదు. తడి ముఖంతోనే ఇంటివైపు పరుగెత్తింది. పాట మొదలయ్యేలోపు మొగుణ్ణీ పిల్లనీ తీసుకుని జీడితోటల అవతలికి, మైకు వినపడనంత దూరం వెళ్ళిపోవాలి. ఆదెమ్మ ముందే అన్నం మూట కట్టి ఉంచుతుందట. ఏటా ఇంతే. సైనికుడికి దండ వేసి ఊరు పండగ చేసుకునే రోజున, ఊళ్ళో మిగిలిన ఒకే ఒక్క సైనికుడు ఊరొదిలి పారిపోతాడు.